జేబు కెమెరా కొనే ముందు ఇవి చూసుకోండి

– మెగాపిక్సెల్స్ కంటే ముందు సెన్సర్ (వెలుతురును పట్టి ఫొటోగా మార్చే చిప్) సైజు చూడండి. '1 అంగుళం' అన్నారని స్కేలు పెట్టి కొలవకండి, అది పేరుకే. అసలు కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లు. అయినా చవక కెమెరాల్లోని 1/2.3 అంగుళాల సెన్సర్‌కి వైశాల్యంలో దాదాపు నాలుగు రెట్లు. తక్కువ వెలుతురులో తేడా ఇట్టే తెలిసిపోతుంది.

– ఫొటోలు బాగా వస్తే వీడియో కూడా బాగుంటుందని అనుకోవద్దు. రికో జీఆర్ 3లో సెన్సర్ పెద్దదే, కానీ వీడియో ఫుల్ హెచ్‌డీ దాకానే.

– 4కే రాసి ఉంటే సరిపోదు, ఆపకుండా ఎన్ని నిమిషాలు తీస్తుందో అడగండి. చిన్న బాడీ త్వరగా వేడెక్కుతుంది. నా పాత కెమెరా ఒకటి ఎండలో, సరిగ్గా కేక్ కోసే సమయానికి ఆగిపోయింది!

– మైక్ జాక్ ఉందా? గాలి హోరులో లోపలి మైక్ పనికిరాదు.

– నడుస్తూ తీసేటట్టయితే స్టెబిలైజేషన్ (వీడియోలో కుదుపులు తగ్గించే సదుపాయం) ఆన్ చేసి చూడండి, ఫ్రేమ్ ఎంత కోసేస్తుందో.

– మెమరీ కార్డు మీద వీ30 అని ఉన్నది తీసుకోండి, అది వీడియో రాసే వేగానికి గుర్తు. స్పేర్ బ్యాటరీ తప్పదు.

– చివరగా, మీ ప్యాంటు జేబులో పెట్టి కూర్చుని చూడండి.