ఫాల్కన్ ఓడ నమూనా చేయాలంటే ముందు సంవత్సరం తేల్చుకోండి

ఓడ బొమ్మ చేద్దామనుకున్నవాళ్లం ముందు కర్ర కొనేస్తాం. విశాఖలో ముప్పై ఏళ్లు ఓడల డ్రాయింగులు గీసి రిటైరైన నేను కూడా అదే పని చేశాను. ఫాల్కన్ అనే అమెరికన్ మైన్‌స్వీపర్‌ను (సముద్రంలో వేసిన మైన్లు అనే పేలుడు గుండ్లను ఏరేసే ఓడ) మూడు నెలలు కూర్చుని చేసి, కింద పలక మీద ‘1919’ అని రాశాను. కాఫీకి వచ్చిన మా పక్కింటాయన నేవీలో పనిచేసిన మనిషి. కళ్లజోడు పైకి తోసుకుని వెనక డెక్ వైపు వేలు చూపించాడు. “సార్, ఈ రెస్క్యూ చాంబర్ 1919లో ఎక్కడిదండీ?” అన్నాడు. నిజమే, మునిగిన జలాంతర్గామి నుంచి మనుషులను పైకి తెచ్చే ఆ గది వచ్చింది పదేళ్ల తర్వాత. కాఫీ చల్లారిపోయింది, నా ముఖం కూడా.

అందుకే మొదటి మెట్టు ఇది: ఓడ జీవితంలో ఏ సంవత్సరాన్ని చేస్తున్నారో కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఫాల్కన్‌కు ఇది మరీ అవసరం, ఎందుకంటే దానివి రెండు జన్మలు.

అది లాప్‌వింగ్ తరగతి ఓడ. ఆ తరగతిలో అన్నింటికీ పక్షుల పేర్లే. ఫాల్కన్ 1918 సెప్టెంబరులో నీళ్లలోకి దిగింది. నవంబరు 12న నేవీలో చేరింది, అంటే మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన మర్నాడు. యుద్ధం అయిపోయినా పని అవలేదు. స్కాట్లాండ్, నార్వే మధ్య ఉత్తర సముద్రంలో అమెరికా, బ్రిటన్ కలిసి 70,000కు పైగా మైన్లు వేశాయి. 1919లో వాటిని ఏరే పని ఈ పక్షులకే అప్పగించారు.

రెండో మెట్టు కొలత. పొడవు 57.3 మీటర్లు, వెడల్పు 10.8. నేను 1:200 స్కేలు (అసలు ఓడలో రెండు వందల వంతు) తీసుకున్నాను. అంటే బొమ్మ 28.6 సెంటీమీటర్లు, వెడల్పు 5.4. టీవీ పక్కన పట్టేస్తుంది, మా ఆవిడ అభ్యంతరం చెప్పదు. మిగతా కొలతలకు సరిగ్గా పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి ప్రింటు తీసుకోండి. మొత్తం పొడవు తెలుసు కాబట్టి పొగగొట్టం ఎత్తు, స్తంభాల మధ్య దూరం స్కేలు పెట్టి లెక్కకట్టొచ్చు. వంకరగా తీసిన ఫొటోతో మాత్రం ఈ పని చేయకండి.

హల్‌కు, అంటే ఓడ ఒంటికి, అంకుడు కర్ర వాడాను, ఏటికొప్పాక బొమ్మలకు వాడేదే. మెత్తగా చెక్కుకోవచ్చు, పెచ్చులూడదు. నీటిమట్టం నుంచి పైభాగమే చేయండి. ముందు భాగం ఎత్తు, వెనక డెక్ బాగా కిందికి. ఈ ఎత్తుపల్లం తప్పితే ఓడ ముఖమే మారిపోతుంది. పొగగొట్టానికి స్కెచ్ పెన్ గొట్టం, స్తంభాలకు చీపురుపుల్ల చాలు.

వెనక డెక్ ఎందుకంత కింద ఉందో అర్థం కావాలంటే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ట్రాలర్ బోట్లు చూడండి. వల లాగేది వెనక నుంచే, అందుకే ఆ చోటంతా ఖాళీగా ఉంచుతారు. మైన్‌స్వీపర్‌దీ అదే లెక్క. రెండు ఓడలు పక్కపక్కన దూరంగా నడుస్తూ మధ్యలో ఇనుప తీగ లాగుతాయి. తీగను లోతులో ఉంచేందుకు ఒక్కో ఓడ వెనక ఒక పెద్ద పలక ఉంటుంది. దాన్ని కైట్ అనేవారు. మన గాలిపటం లాగితే పైకి లేస్తుంది, ఇది లాగితే కిందికి దిగుతుంది. కాబట్టి 1919 బొమ్మకు వెనక పెద్ద వించ్ (తీగ చుట్టే యంత్రం), తీగ, కైట్ పెట్టాలి.

ఆ పని ఎంత ప్రమాదమో ఒక్క మాటలో చెప్తాను. అమెరికన్ మైన్‌లో ఒక రాగి తీగ పైకి నిలబడి ఉండేది. ఉక్కు హల్ దానికి తగిలితే ఉప్పునీటిలో చిన్న కరెంటు పుట్టి 300 పౌండ్ల టీఎన్‌టీ పేలుడు మందు పేలేది. బాబోలింక్ ఓడ కెప్టెన్ ఫ్రాంక్ బ్రూస్ 1919 మే నెలలో అలాగే ఒక మైన్ పేలి చనిపోయాడు. దీనికి హల్ నుంచి కరెంటు పంపి మైన్‌ను మొద్దుబార్చే ఉపాయం చెప్పిన కుర్ర అధికారి డడ్లీ నికోల్స్. తర్వాత హాలీవుడ్‌లో స్క్రీన్‌ప్లే రాసి ఆస్కార్ తెచ్చుకున్నది ఆయనే!

రెండో జన్మ చేయాలనుకుంటే 1939 ఎంచుకోండి. అప్పటికి ఫాల్కన్ జలాంతర్గాములను కాపాడే ఓడ. మే 23న స్క్వాలస్ అనే జలాంతర్గామి 240 అడుగుల లోతుకు మునిగింది. ఫాల్కన్ దాని మీద నాలుగు వైపులా లంగరేసి నిలిచి, చాంబర్‌ను నాలుగుసార్లు దింపి 33 మందిని పైకి తెచ్చింది. 26 మంది దక్కలేదు. చివరి ట్రిప్పులో చాంబర్‌ను లాగే తీగ పురులు తెగిపోతుంటే మనుషులు చేతులతో లాగారు.

ఈ దృశ్యాన్ని నిలువు పెట్టెలో చేస్తే అసలు సంగతి కంటికి తెలుస్తుంది. నా స్కేలులో లోతు 37 సెంటీమీటర్లు, ఓడ పొడవుకన్నా ఎక్కువ. అడుగున పడుకున్న స్క్వాలస్ 47 సెంటీమీటర్లు. కాపాడేదానికన్నా మునిగిందే పెద్దది. వాటి మధ్య దారానికి వేలాడే చాంబర్ చింతగింజంత. దాన్ని ఎమ్‌సీల్‌తో చేసి, తడిగా ఉండగానే కొక్కెం గుచ్చండి.

తీగలకు కుట్టుదారం చాలు. కట్టే ముందు కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగండి. లేకపోతే దారం నూగు కనిపించి, మీ ఇనుప తీగ ఊలు తాడులా ఉంటుంది.