పంటు దిగేదాకా మ్యాచ్ ఊసెత్తొద్దు

ఊళ్లో హైస్కూల్ పిల్లలకి సాయంత్రాలు ఫుట్‌బాల్ నేర్పే నాలాంటి వాళ్ల కోసం ఇది. బంతి ఎలా తన్నాలో వీడియోల్లో బోలెడుంది. గెలిచాక, ఓడాక పిల్లల బుర్రలో ఏం తిరుగుతుందో, అప్పుడు మనం ఏం చేయాలో మాత్రం నేను తప్పులు చేసే నేర్చుకున్నాను.

ముందు పెద్ద తప్పు చెప్తా. అమలాపురంలో ఒక పోటీకి వెళ్లి 0-3తో ఓడిపోయాం. మాది కోటిపల్లి వైపు, కాబట్టి ముక్తేశ్వరం రేవు దాకా ఆటోలు, అక్కణ్నుంచి పంటు (రేవు దాటించే పడవ) మీద గోదావరి దాటాలి. నేను ఆటోలోనే మొదలెట్టేశాను, రెండో గోల్ ఎవరి వల్ల పడింది, ఎవడు మార్కింగ్ (ఎదుటి ఆటగాణ్ని అంటిపెట్టుకుని ఉండటం) వదిలేశాడు, కీపర్ ఎందుకు కదల్లేదు అని పేరుపేరునా. పంటు ఏటి మధ్యకొచ్చేసరికి మా కీపర్ ఒక్కడే ఓ చివరకెళ్లి నిలబడ్డాడు, మిగతావాళ్లు వాడి వంకే చూడలేదు. తర్వాత రెండు వారాలు గ్రౌండుకి రాలేదు. ఇంటికెళ్లి అడిగితే "నాన్నతో చెరువు దగ్గర పనుందండి" అన్నాడు. పని లేదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

అందుకే ఇప్పుడు మ్యాచ్ రోజు విశ్లేషణ లేదు, గెలిచినా ఓడినా ఒకటే పద్ధతి. మంచినీళ్లు, తలా రెండు అరటిపళ్లు, స్టడ్స్ బూట్లు విప్పించి దెబ్బలేమైనా తగిలాయేమో చూడటం, ఇంటికి పంపడం. ఓడిన గంటలో మీరెంత మెత్తగా చెప్పినా వాడికి "నీ వల్లే" అన్నట్టే వినపడుతుంది.

మాటలు మర్నాడు సాయంత్రం. గుండ్రంగా కూర్చోబెట్టి ఎందుకు ఓడామో వాళ్లనే చెప్పమనండి. మూడు జవాబులు తప్పకుండా వస్తాయి: రిఫరీ మోసం చేశాడు, మాకు లక్కు లేదు, నేను పనికిరానండి. మూడింటిలోనూ రేపు మార్చుకోడానికి ఏమీ లేదు. బెర్నార్డ్ వైనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద చాలా పనిచేశాడు. మనిషి తన ఓటమికి ఏ కారణం చెప్పుకుంటాడో దాన్నిబట్టే మళ్లీ ప్రయత్నిస్తాడా, వదిలేస్తాడా అన్నది చాలావరకు ఉంటుందంటాడు. కాబట్టి "పనికిరాను" అన్నవాణ్ని ఓదార్చొద్దు, ఇంకా చిన్నగా విడదీయమని అడగండి. ఏ నిమిషంలో? ఏ బంతి దగ్గర? ఏ కాలితో? అడగ్గా అడగ్గా చివరికి "ఎడమ కాలితో పాస్ ఇవ్వలేకపోయానండి" దగ్గరికొస్తుంది. అది దొరికితే మర్నాటి ప్రాక్టీసు దొరికినట్టే. ఓపిక కావాలి, నాకు ఒక్కోసారి ఉండదు.

పిల్లలకి కథ కావాలంటే 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ చెప్పండి. మన టీమ్ కోచ్ హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం, ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పిన మాస్టారే. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా, ఈసారి 2-1తో బంగారు పతకం మనది. తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌లో ఆడిస్తే ఆయన ఫైనల్లో గోల్ కూడా కొట్టాడు. (ఆ ఒక్కటి మాత్రం అనుకరించొద్దు. పిల్లాడి తలకి దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆట బంద్, డాక్టరు సరేననేదాకా గ్రౌండులోకి రానివ్వొద్దు.)

గెలుపుతో నాకు ఇంకా ఇబ్బంది. 5-0తో గెలిచిన వారం ఎవడూ టైముకి రాడు. పైగా మనమే "నువ్వు పుట్టుకతో ఆటగాడివిరా" అని ఎక్కించేస్తాం. 1998లో మ్యూలర్, డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు, "తెలివైనవాళ్లు" అని పొగడ్త విన్న పిల్లలు కష్టమైన ప్రశ్నలు ఎదురవగానే తొందరగా నీరుగారిపోతున్నారని, "బాగా కష్టపడ్డారు" అని పొగడ్త విన్నవాళ్లు పట్టు వదలడం లేదని చూపించారు. అందుకే నేను పనినే పొగుడుతున్నాను: "బంతి పోయాక వెనక్కి పరిగెత్తావు చూడు, అది బావుంది."

పెనాల్టీ షూటౌట్ (మ్యాచ్ సమమైతే ఒక్కొక్కరే వచ్చి కీపర్ ఎదురుగా గోల్‌కి తన్నడం) వేరే సంగతి, అక్కడ టెన్షన్ అంతా ఒక్కడి కాళ్లలోకి దిగుతుంది. గోల్‌కీ బంతికీ మధ్య 11 మీటర్లే, ప్రాక్టీసులో కళ్లు మూసుకుని కొట్టేవాడు కూడా అక్కడ వణుకుతాడు. నార్వేకి చెందిన గెయిర్ యోర్డెట్ అనే పరిశోధకుడు పెద్ద టోర్నీల షూటౌట్లు చూసి, విజిల్ పడీ పడగానే పరిగెత్తి తన్నేవాళ్లు ఎక్కువగా మిస్ అవుతున్నారని గమనించాడు. ఎలాగోలా అయిపోతే చాలనే తొందర అది. మా వాళ్లకి ఒక వరస పెట్టాను: ఏ మూలకి కొట్టాలో నడిచి వెళ్లేటప్పుడే తేల్చుకోవాలి, బంతి తనే పెట్టుకోవాలి, విజిల్ విన్నాక ఒక్క ఊపిరి తీసుకుని అప్పుడు కదలాలి. ఇది ప్రాక్టీసు మొదట్లో కాదు, చివర్లో, కాళ్లు లాగేస్తున్నప్పుడు, మిగతావాళ్లు పక్కన గోల చేస్తుండగా చేయించండి. మిస్ అయినవాడి దగ్గరికి నడిచి వెళ్లే ఇద్దరెవరో మ్యాచ్‌కి ముందే చెప్పి ఉంచండి. లేకపోతే ఎవరూ వెళ్లరు, నేను చూశాను.

ఇక నాన్నలు. కొందరు సైడ్ లైన్ దగ్గర కోడిపందెం బరి పక్కన నిలబడ్డట్టే అరుస్తారు, "నీ మీద వెయ్యి కట్టానురా" అనేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లతో వాదించి లాభం లేదు, నీళ్ల డబ్బాలు మోసే పని అప్పజెప్పండి. ఇంటికెళ్లాక "ఆకలేస్తోందా?" తప్ప ఇంకేమీ అడగొద్దని బతిమాలండి.

పిల్లలే మ్యాచ్ గురించి మొదలెడితే మాత్రం ఆపక్కర్లేదు. మా కీపర్ మళ్లీ వస్తున్నాడు. మొన్న ఓడి వస్తుంటే పంటు మీద నా పక్కనే కూర్చుని, "ఆ రెండో గోల్‌కి నేను ముందుకి రావాల్సిందండి" అన్నాడు. నేను ఊఁ అని, రెండో అరటిపండు వాడికిచ్చాను.