నలభై దాటాక టెస్టోస్టిరాన్: సూదుల దాకా వెళ్లే ముందు చేయాల్సిన పనులు

పోయిన ఏడాది వేసవికి నాకు 47 ఏళ్లు నిండాయి. మధ్యాహ్నం అన్నం తినగానే కళ్లు మూతలు పడడం, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం, ఇంట్లో చిన్న మాటకే చిరాకు, కోరిక కూడా మునుపటిలా లేకపోవడం, ఇవన్నీ కలిపి చూసుకుని, ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి, మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పడిపోయిందని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఒక ల్యాబ్‌లో రక్తం ఇచ్చాను, సాయంత్రం ఐదున్నరకి. అంతకుముందు రెండు రాత్రులు పని ఎక్కువై నాలుగేసి గంటలే నిద్ర. రిపోర్టులో 271 అని వచ్చింది. ఎంత భయపడ్డానో చెప్పలేను. జిమ్‌లో పరిచయమైన కుర్రాడొకడు "సూదులు మొదలెట్టు అన్నా, నెలలో మనిషివే మారిపోతావ్" అని ఎవరిదో నంబరు కూడా ఇచ్చాడు. ఆ నంబరుకి ఫోన్ చేయకుండా ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం చూసి అడిగిన మొదటి మాట, "రక్తం ఎన్నింటికి ఇచ్చారు?" రెండు వారాల తర్వాత, రోజూ ఏడు గంటలు నిద్రపోయి, పరగడుపున, పొద్దున ఎనిమిదికి ఇస్తే 418 వచ్చింది. మధ్యలో ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు.

అందుకే పరీక్ష సంగతితో మొదలుపెడుతున్నాను, చాలామంది దారి తప్పేది అక్కడే. ఈ హార్మోన్ పొద్దున పూట ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది, అన్నం తింటే కూడా తగ్గుతుంది. కాబట్టి పొద్దున ఏడు నుంచి పది లోపు, ఏమీ తినకుండా ఇవ్వాలి. జ్వరం వచ్చి తగ్గిన వారంలో ఇవ్వొద్దు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, వాటివల్ల కొన్ని రకాల పరీక్షల్లో అంకె తప్పుగా వస్తుంది. ఒకసారి తక్కువ వచ్చిందని కంగారు పడకుండా ఇంకో రోజు మళ్లీ ఇవ్వండి. అమెరికా యూరాలజీ డాక్టర్ల సంఘం పెట్టుకున్న గీత డెసిలీటరుకి 300 నానోగ్రాములు. రెండు పొద్దున్న పూటలు దానికంటే తక్కువ వచ్చి, దానితో పాటు లక్షణాలు కూడా ఉంటేనే వైద్యం గురించి ఆలోచిస్తారు.

ఏవి లక్షణాలు? కోరిక తగ్గడం, పొద్దున లేచేసరికి రావాల్సిన అంగస్తంభన రాకపోవడం, భార్యతో ఉన్నప్పుడు ఇబ్బంది. ఈ మూడూ కలిసి ఉంటే అనుమానించాల్సిందే. ఒట్టి నీరసం అయితే మాత్రం దానికి వంద కారణాలుంటాయి. షుగరు, థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, ఈ నాలుగూ ముందు చూపించుకోండి. శాకాహారులైతే బి12 తప్పకుండా. మనసు బాగోలేకపోయినా ఒళ్లు ఇలాగే బరువుగా ఉంటుంది, అది కూడా డాక్టరుకి చెప్పుకోవాల్సిన విషయమే, దాచుకోకండి.

ఇక అసలు సంగతి. ముప్పై, నలభై మధ్య ఎప్పుడో మొదలై ఏడాదికి సుమారు ఒక శాతం చొప్పున టెస్టోస్టిరాన్ తగ్గుతూ పోతుంది. ఇది వయసు వల్ల వచ్చేది. ఏడాదికి ఒక శాతంతో మనిషి కుదేలవడు. మనల్ని దెబ్బతీసేది దాని మీద మనం చేర్చేది: పొట్ట, షుగరు, నిద్ర లేకపోవడం, మందు తాగడం. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే సంకేతం వృషణాలకి వెళ్తే అక్కడ టెస్టోస్టిరాన్ తయారవుతుంది. పొట్టలో పేరుకున్న కొవ్వులో అరోమటేజ్ అనే ఎంజైము ఉంటుంది, అది టెస్టోస్టిరాన్‌ని ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌గా మార్చేస్తుంది. ఆ ఈస్ట్రోజెన్ పైకి వెళ్లి "ఇక చాలు" అన్నట్టు పిట్యూటరీ సంకేతాన్ని తగ్గిస్తుంది. అంటే పొట్ట పెరిగేకొద్దీ ఉన్నది కరిగిపోతుంది, కొత్తది తయారవడం తగ్గుతుంది, టెస్టోస్టిరాన్ తగ్గేకొద్దీ పొట్ట ఇంకా పెరుగుతుంది. ఈ గొలుసుని ఎక్కడో ఒకచోట తెంపాలి, తెంపడానికి తేలికైన చోటు నడుమే.

దర్జీ టేపు ఒకటి తెచ్చుకోండి. చొక్కా తీసేసి, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడండి, పొట్ట లోపలికి లాక్కోకుండా. ప్యాంటు సైజుని నమ్మొద్దు, మనం ప్యాంటు పొట్ట కిందకి కడతాం. భారతీయ మగవాళ్లకి హద్దు 90 సెంటీమీటర్లు. నాది ఆ రోజు 101. 36 సైజు ప్యాంటే పడుతోంది కదా అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను, ఆ 101 చూశాకే నాకు నిజంగా బుద్ధొచ్చింది. నెలకోసారి కొలవండి, బరువు కంటే ఇది నిజం చెబుతుంది.

తిండి విషయంలో పెద్ద పెద్ద డైట్లు అక్కర్లేదు. మన కంచంలో అన్నం కొండలా ఉంటుంది, పప్పు, కూర దాని పక్కన అద్దుకోవడానికి అన్నట్టు ఉంటాయి. దీన్ని తిరగేయాలి. ముందు పప్పూ కూరా సరిపడా వేసుకుని, వాటికి తగినంత అన్నం కలుపుకోండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి, అంటే 75 కిలోల మనిషికి 62 గ్రాములు. బరువులెత్తడం మొదలుపెడితే ఇంకొంచెం ఎక్కువే కావాలి. చారన్నం, వేపుడు, మజ్జిగతో రోజులు గడిపేవాళ్లకి ఇందులో సగం కూడా అందదు. నా రోజు ఎలా ఉంటుందంటే, పొద్దున రెండు పెసరట్లు, రెండు ఉడికించిన గుడ్లు (గుడ్డుకి ఆరు గ్రాములు), మధ్యాహ్నం గట్టి పప్పు కప్పు నిండా, ఆకుకూర, కప్పు అన్నం, పెరుగు, సాయంత్రం గుప్పెడు ఉడికించిన సెనగలు, రాత్రి రెండు జొన్నరొట్టెలు, వాటితో చికెనో చేపో. గుడ్డు కూడా ముట్టనివాళ్లకి మీల్‌మేకర్ మంచి దారి, ఎండుది 50 గ్రాములు వండుకుంటే పాతిక గ్రాముల ప్రోటీన్ వస్తుంది. సోయా తింటే మగతనం తగ్గుతుందనే మాట విని చాలామంది దాన్ని దూరం పెట్టారు, మామూలుగా కూరలో తినే సోయా టెస్టోస్టిరాన్‌ని తగ్గించదని పరిశోధనల్లో తేలింది, హాయిగా తినండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ప్రోటీన్ పెంచే ముందు డాక్టర్ని అడగాలి. నూనె, నెయ్యి పూర్తిగా మానేయడం కూడా మంచిది కాదు, ఈ హార్మోన్ తయారయ్యేది కొలెస్ట్రాల్ నుంచే.

వ్యాయామం దగ్గర ఒక నిజం చెప్పాలి. బరువులెత్తిన వెంటనే టెస్టోస్టిరాన్ కాసేపు పెరుగుతుంది, గంటలోపే మళ్లీ మామూలుకి వచ్చేస్తుంది. ఎత్తినంత మాత్రాన రిపోర్టులో అంకె రెట్టింపవదు. మరి ఎందుకు ఎత్తాలి? ముప్పై దాటాక వాడని కండ ఏటా కొంత కరిగిపోతుంది, కండ తగ్గితే తిన్న అన్నంలోని చక్కెరని దాచుకునే చోటు తగ్గుతుంది, షుగరు, పొట్ట రెండూ పెరుగుతాయి. మనకి కావాల్సిన బలం, చురుకు కండ నుంచే వస్తాయి.

వారానికి మూడు రోజులు, రోజుకి నలభై నిమిషాలు చాలు. జిమ్ లేకపోయినా పర్వాలేదు, మన తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసి ఎంతమంది బలవంతులయ్యారో పెద్దవాళ్లని అడగండి. మోకాళ్లు మొండికేస్తే కుర్చీతో మొదలుపెట్టండి: చేతులు ఛాతీ మీద కట్టుకుని, మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా కూర్చుని, చేతులు ఆనించకుండా లేవండి. పదిసార్లు, మూడు విడతలు. అది తేలికైనప్పుడు కుర్చీ తీసేయండి. దండీలు రాకపోతే గోడకి చేతులు పెట్టి, తర్వాత వంటింటి గట్టు మీద, చివరికి నేల మీద. ఇంట్లో ఉండే 20 లీటర్ల వాటర్ క్యాను మంచి బరువు, నిండుగా ఉంటే 20 కిలోల పైమాటే. కాళ్లు భుజాలంత వెడల్పుగా పెట్టి, క్యానుని పాదాల మధ్యకి లాక్కుని, పిర్రలు వెనక్కి తోస్తూ మోకాళ్లు కొంచెం వంచి, వీపు బల్లలా తిన్నగా ఉంచి, దాన్ని ఒంటికి దగ్గరగా పట్టుకుని కాళ్ల బలంతో లేవండి. నడుము వంచి చేతులతో గుంజితే మర్నాడు మంచం దిగలేరు. ఊపిరి బిగబట్టకండి, లేచేటప్పుడు వదలాలి. మొదటి రోజుల్లో సగం నీళ్లున్న క్యానుతో చేయండి. ప్రతి రెండు వారాలకీ కొంచెం బరువో, రెండు సార్లో పెంచుకుంటూ పోవాలి, అదే బరువు ఏడాదంతా ఎత్తితే కండకి పెరగాల్సిన అవసరం ఉండదు. మిగతా రోజుల్లో గట్టిగా నడవండి, వారానికి 150 నిమిషాలన్నా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే బరువు ముట్టుకోండి.

నిద్ర గురించి ఎంత చెప్పినా తక్కువే. షికాగో యూనివర్సిటీ వాళ్లు 2011లో పదిమంది ఆరోగ్యంగా ఉన్న యువకుల్ని వారం రోజుల పాటు రోజుకి ఐదు గంటలే పడుకోనిచ్చి చూశారు, పగటిపూట టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. వయసు వల్ల పదేళ్లకి పైగా పట్టే తగ్గుదల ఒక్క వారంలో! మాదాపూర్‌లో నైట్ షిఫ్టులు చేసే తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. షిఫ్టు మార్చుకోలేకపోతే కనీసం పగలు గది చీకటి చేసుకుని ఏడు గంటలు పడుకోండి, ఆ సమయం రోజూ ఒకటే ఉండేలా చూసుకోండి. ఇంకో విషయం, మీరు గట్టిగా గురక పెడతారనీ, మధ్యమధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందనీ ఇంట్లో చెబితే కోప్పడకుండా స్లీప్ స్టడీ చేయించుకోండి. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, ఉంటే ఎనిమిది గంటలు మంచం మీద ఉన్నా నిద్ర పోయినట్టు కాదు. మందు రోజూ తాగే అలవాటుంటే అది వృషణాల మీదా కాలేయం మీదా నేరుగా పనిచేస్తుంది, పైగా నిద్రనీ పాడు చేస్తుంది. తగ్గించండి అని మెల్లగా చెప్పడం కన్నా మానేయండి అనే చెబుతాను.

ఇక పొడులు, లేహ్యాలు. జింకు, విటమిన్ డి లోపం ఉన్నవాళ్లకే వాటి మాత్రలు పనికొస్తాయి, లోపం లేనివాళ్లకి అదనంగా వేసుకున్నా పెరిగేదేం లేదు. అశ్వగంధ వాడి కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి, కాబట్టి మూలిక కదా అని నిర్లక్ష్యంగా మింగకండి. మగతనం పెంచుతామని అమ్మే మందుల్లో పైకి చెప్పకుండా సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) కలుపుతున్నారని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎన్నోసార్లు హెచ్చరించింది. గుండెకి సార్బిట్రేట్ వాడే పెద్దాయన తెలియక అలాంటి పొడి వేసుకుంటే బీపీ ప్రాణం మీదకొచ్చేంతగా పడిపోతుంది. ఇంట్లో నాన్నకో మామయ్యకో ఈ ముక్క చెప్పండి.

జిమ్ సూదుల గురించి ముఖ్యంగా పెళ్లికాని, పిల్లలు కావాలనుకునే కుర్రాళ్లు వినాలి. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే పిట్యూటరీ తన సంకేతం ఆపేస్తుంది, వృషణాలు పని మానేసి చిన్నవవుతాయి, వీర్యకణాలు సున్నా దాకా పడిపోవచ్చు. మగవాళ్ల కుటుంబ నియంత్రణ మందుగా పనికొస్తుందేమోనని ఈ సూదుల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థే పరీక్షించి చూసిందంటే అర్థం చేసుకోండి. ఆపేశాక తిరిగి రావడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. పిల్లలు కావాలనుకునేవాళ్లకి నిజంగా హార్మోన్ తక్కువైతే డాక్టర్లు వేరే మందులిస్తారు.

నిజంగా అవసరమైనవాళ్లకి మాత్రం టెస్టోస్టిరాన్ వైద్యం మంచే చేస్తుంది, దానికి సిగ్గుపడాల్సిన పని లేదు. గుండె జబ్బు ఉన్న, లేదా వచ్చే అవకాశం ఎక్కువున్న ఐదు వేల మందికి పైగా మగవాళ్ల మీద చేసిన అధ్యయనం 2023లో వచ్చింది, గుండెపోటు, పక్షవాతం డమ్మీ మందు వాడినవాళ్ల కంటే ఎక్కువ కాలేదు. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం కొంచెం ఎక్కువగా కనిపించాయి. రక్తం చిక్కబడుతుంది కూడా, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 54 శాతం దాటితే మందు ఆపాలి. అందుకే డాక్టరు క్రమం తప్పకుండా రక్తం చూస్తూ, ప్రోస్టేట్ గ్రంథి కోసం పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష చూస్తూ ఇవ్వాల్సిన మందు ఇది.

కొన్నిటికి మాత్రం ఆలస్యం చేయకండి. తలనొప్పితో పాటు పక్కల చూపు తగ్గడం, రొమ్ములు పెరగడం, వృషణంలో గడ్డ తగలడం, ఇవి ఉంటే ఈ వారమే డాక్టర్ని కలవండి. చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలో, ట్రమడాల్ లాంటి నొప్పి మందులో వాడుతుంటే ఆ సంగతి చెప్పండి, అవీ హార్మోన్‌ని తగ్గిస్తాయి. అంగస్తంభన సమస్య కొత్తగా వస్తే సిగ్గుతో దాచకండి, అక్కడి రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నవి, పూడుకోవడం ముందు అక్కడే బయటపడుతుంది. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ మూడూ చూపించుకుని గుండె డాక్టర్ని కలవండి.

నాకైతే ఎనిమిది నెలలు పట్టింది. మధ్యాహ్నం కునుకు పోయింది, మా అబ్బాయితో షటిల్ మూడు గేములు ఆడగలుగుతున్నాను. పోయిన నెల పొద్దున పరీక్షలో 463 వచ్చింది, టేపు 93 చూపిస్తోంది. ఇంకా మూడు సెంటీమీటర్లు తగ్గాలి.