నాణేనికి మోగుతుంది, సన్న గొలుసుకు మోగదు: పీఐ డిటెక్టర్ సమస్య - పరిష్కారం

పల్స్ ఇండక్షన్ (పీఐ) డిటెక్టర్, అంటే కాయిల్‌లోకి కరెంటు పల్స్‌లు పంపి లోహాన్ని వెతికే మెషీన్, గురించి తరచూ వినిపించే మాట: "నాణేనికి బాగా మోగుతోంది, కాబట్టి మెషీన్ బాగానే ఉంది." తప్పు ఆ "కాబట్టి" దగ్గరే ఉంది. మందపాటి నాణెం ఈ మెషీన్‌లోని అతి మామూలు లోపాన్ని కప్పేస్తుంది. అందుకే విప్పి చూసే ముందు ఒక నాణెం, 10 మి.మీ. చదరపు అల్యూమినియం రేకుముక్క, ఈ రెండూ పక్కన పెట్టుకోండి. రెండింటికీ ఎంత దూరంలో మోగుతుందో స్కేలుతో కొలిచి రాసుకోండి. ఈ చిన్న పని వదిలేసి నేరుగా ఐసీలు మార్చేవాళ్లే ఎక్కువ.

కొలిచేటప్పుడు ఉంగరం, వాచీ, బెల్టు తీసేయండి. ఇనుప టేబుల్ మీద వద్దు. కాంక్రీటు నేలలో కడ్డీలు ఉంటాయి కాబట్టి కాయిల్‌ను నేలకు కనీసం ఒక మీటరు ఎత్తులో ఉంచండి. బ్యాటరీ వోల్టేజ్‌ను మెషీన్ నడుస్తుండగానే చూడండి. వస్తువు వెడల్పు ముఖం కాయిల్ వైపు ఉండాలి, అంచు తిప్పితే దూరం పడిపోతుంది. వస్తువును కదుపుతూనే ఉండాలి. ఆపగానే శబ్దం తగ్గిపోతే అది లోపం కాదు, ఆటో ట్యూన్ (కదలకుండా ఉన్న సిగ్నల్‌ను క్రమంగా సున్నాగా లెక్కేసుకునే ఏర్పాటు) తన పని తాను చేస్తోంది.

లక్షణం: నాణేనికి దూరం తగ్గలేదు, రేకుముక్కకు, సన్న గొలుసుకు, చిన్న బంగారానికి మోగడం లేదు

కాయిల్‌లో పల్స్ ఆగగానే వస్తువులో సుడి ప్రవాహాలు (లోహంలో గుండ్రంగా తిరిగే కరెంట్లు) పుట్టి, క్రమంగా చచ్చిపోతాయి. ఎంత త్వరగా చస్తాయన్నది వస్తువు లోహం, మందం, ఆకారాన్ని బట్టి ఉంటుంది. రేకుముక్కకు టైమ్ కాన్‌స్టంట్ (సిగ్నల్ దాదాపు మూడో వంతుకు పడిపోవడానికి పట్టే కాలం) 3 మైక్రోసెకన్లు, నాణేనికి 150 అనుకుందాం. శాంపిల్ (పల్స్ ఆగాక సిగ్నల్‌ను కొలవడం) 10 మైక్రోసెకన్లకు బదులు 20కి తీస్తే రేకుముక్క సిగ్నల్ సుమారు 28 రెట్లు పడిపోతుంది. నాణేనిది 6 శాతమే తగ్గుతుంది. కాయిల్ వ్యాసార్ధం దాటాక సిగ్నల్ దూరం ఆరో ఘాతంతో తగ్గుతుంది కాబట్టి నాణెం దూరంలో తేడా ఒక శాతం, అంటే స్కేలు మీద కనిపించదు. రేకుముక్క దూరం మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది. నాణేన్ని నమ్ముకుంటే మోసపోయేది ఇందుకే.

గొలుసు సంగతి ఇంకా అన్యాయం. లంకెల మధ్య స్పర్శ సరిగ్గా ఉండదు కాబట్టి ప్రతి లంకె విడి చిన్న ఉంగరంలా స్పందిస్తుంది. బరువైన గొలుసు కంటే తేలికైన ఉంగరం ఎక్కువ దూరంలో మోగుతుంది. ఆ ఉంగరాన్నే ఒకచోట కోస్తే వలయం తెగి సిగ్నల్ పడిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ వాహకత రాగిలో సుమారు నలభయ్యో వంతు. అందుకే మందంగా ఉన్నా దాని సిగ్నల్ త్వరగా చస్తుంది.

ముందు డిలే నాబ్ (పల్స్ ఆగాక శాంపిల్ తీసేదాకా ఆగే సమయాన్ని మార్చేది) చూడండి. ఉప్పునీటి దగ్గర వాడినప్పుడు పెంచి అలాగే వదిలేసి ఉండొచ్చు. 10 మైక్రోసెకన్ల దగ్గరికి తెచ్చి రేకుముక్కతో మళ్లీ కొలవండి. దూరం పెరిగితే పని అయిపోయింది.

పెరగలేదా? డిలే తగ్గించేకొద్దీ మెషీన్ ఇంకా మొద్దుబారిందా? అయితే అసలు దొంగ దొరికినట్టే: డ్యాంపింగ్ రెసిస్టర్ (పల్స్ ఆగాక కాయిల్ వోల్టేజ్ ఊగకుండా అణచడానికి కాయిల్‌కు సమాంతరంగా పెట్టేది) కాయిల్‌కు సరిపోవడం లేదు.

పల్స్ ఆగినప్పుడు కాయిల్ మీద దాదాపు 400 వోల్టులు లేస్తాయి. కాయిల్ సిగ్నల్‌ను ప్రీఆంప్ వెయ్యి రెట్లు పెంచుతుంది, దాని ఔట్‌పుట్ 5 వోల్టుల దగ్గర నిండిపోతుంది, అంతకు మించి పెరగలేదు. అంటే కాయిల్ 5 మిల్లీవోల్టుల కిందికి దిగేదాకా ప్రీఆంప్‌కు ఏ వస్తువూ కనిపించదు. 400 నుంచి 0.005కి దిగడమంటే 80,000 రెట్లు. ఆ దిగుడులో ఏ కొంచెం ఆలస్యమైనా చిన్న వస్తువుల సిగ్నల్‌ను మింగేస్తుంది.

లెక్క చూద్దాం. కాయిల్ 300 మైక్రోహెన్రీలు, కేబుల్, మాస్‌ఫెట్ (పల్స్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) అన్నీ కలిపి కెపాసిటెన్స్ 400 పికోఫారడ్లు. కెపాసిటెన్స్‌తో ఇండక్టెన్స్‌ను భాగించి, వర్గమూలం తీసి, సగం చేస్తే కావలసిన రెసిస్టెన్స్: సుమారు 433 ఓమ్‌లు. ప్రీఆంప్ ముందున్న 1 కిలో ఓమ్ రెసిస్టర్ కూడా, 1ఎన్4148 క్లాంప్ డయోడ్లు (ప్రీఆంప్‌కు ఎక్కువ వోల్టేజ్ వెళ్లకుండా ఆపేవి) పనిచేస్తున్నంతసేపు, కాయిల్‌కు సమాంతరంగానే ఉంటుంది. దాన్ని లెక్కలోంచి తీస్తే పెట్టాల్సిన డ్యాంపింగ్ రెసిస్టర్ 760 ఓమ్‌ల చుట్టూ తేలుతుంది. అలా ఉంటే కాయిల్ దాదాపు 5 మైక్రోసెకన్లలో 5 మిల్లీవోల్టులకు దిగుతుంది. మొత్తం రెసిస్టెన్స్ 200 ఓమ్‌లకు పడితే అదే దిగుడుకు 16 పడుతుంది. నాబ్ మీద 10 అని ఉన్నా మెషీన్ నిజంగా చూడటం మొదలయ్యేది 16 తర్వాతే. ఈ మధ్యలో శాంపిల్ పడితే ప్రీఆంప్ నిండి ఉంటుంది కాబట్టి స్పీకర్‌లో గోల కూడా రాదు. ఆ నిశ్శబ్దం చూసి ట్యూనింగ్ కుదిరిందనుకోకండి, అప్పటికి మెషీన్ చెవిటిదై ఉంటుంది.

రెసిస్టెన్స్ ఎక్కువైతే వ్యతిరేక రోగం. కాయిల్ సున్నా దాటి అవతలికి దూకుతుంది. 400 వోల్టుల్లో వెయ్యో వంతు దూకినా 0.4 వోల్టు, ప్రీఆంప్ అటువైపు నిండిపోవడానికి అది చాలు.

ఇది ఎవరూ అనుమానించని సమయంలో మొదలవుతుంది: కొత్త కాయిల్ వేసినప్పుడు, కేబుల్ పొడిగించినప్పుడు, కేబుల్‌లోకి తడి చేరినప్పుడు. కొయాక్సియల్ కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు కలుపుతుంది. పై ఉదాహరణలో ఒక్క మీటరు పెంచితే 760 ఓమ్‌ల బదులు 630 కావాలి. "కాయిల్ ఇండక్టెన్స్ పాతదానికి సమానంగానే ఉంది" అని మార్చకుండా వదిలేస్తారు. ఇండక్టెన్స్ ఒక్కటీ సమానమైతే సరిపోదు.

సరిచేయడం ఇలా. పాత రెసిస్టర్ తీసి, ఆ స్థానంలో 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి. దానికి సమాంతరంగా 1 కిలో ఓమ్ రెసిస్టర్, 5 కిలో ఓమ్ ట్రిమ్మర్ (తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టర్) సిరీస్‌లో కలపండి. దీంతో సుమారు 545 నుంచి 1000 ఓమ్‌ల దాకా తిప్పుకోవచ్చు. ఇంకా కింద కావాలంటే 1.2 కిలో బదులు 820 ఓమ్‌లు వేయండి. వాడబోయే కాయిల్, వాడబోయే కేబులే తగిలించండి, పక్కన లోహం ఉండకూడదు. ఆసిలోస్కోప్ ప్రోబ్ ప్రీఆంప్ ఔట్‌పుట్ మీద పెట్టాలి, కాయిల్ మీద కాదు. ప్రోబ్ కెపాసిటెన్స్ కూడా కాయిల్‌కు తోడై లెక్క చెడగొడుతుంది, పైగా 400 వోల్టులు మామూలు ప్రోబ్‌కు మంచిది కాదు. గీత సున్నాను దాటకుండా, అన్నిటికంటే త్వరగా సున్నాకు చేరే చోట ట్రిమ్మర్ ఆపండి. క్లాంప్ డయోడ్లు ఆగిపోయాక 1 కిలో ఓమ్ రెసిస్టర్ పక్కకు తప్పుకుంటుంది కాబట్టి చివరి తోకలో (గీత నిదానంగా సున్నాకు దిగే భాగంలో) లెక్క కొంచెం మారుతుంది. సూత్రంతో మొదలుపెట్టండి, ముగింపు మాత్రం స్కోప్ చెప్పాలి. కేబుల్ కెపాసిటెన్స్ తడికి పెరుగుతుంది కాబట్టి దొరికిన విలువకు ఒక మెట్టు తక్కువ రెసిస్టెన్స్ పెట్టడం మేలు.

కరెంట్ ఆపేసి, డ్యాంపింగ్ భాగాల ఒక కొస కాయిల్ నుంచి విడదీసి, విలువ కొలిచి స్థిరమైన రెసిస్టర్ వేయండి. వైర్ చుట్టిన రకం వద్దే వద్దు, అది స్వయంగా ఒక కాయిల్. కార్బన్ ఫిల్మ్ లేదా మెటల్ ఫిల్మ్, 1 నుంచి 2 వాట్లు. కాయిల్‌లో 2 ఆంపియర్లు, సెకనుకు 500 పల్స్‌లు అయితే సగటున 0.3 వాట్లు అక్కడ వేడి అవుతాయి. పావు వాటు రెసిస్టర్ కొన్నాళ్లకు విలువ మారిపోయి, మిమ్మల్ని మళ్లీ ఇక్కడికే తెస్తుంది.

స్కోప్ లేకపోతే డిలేను మెల్లగా తగ్గిస్తూ ప్రతి స్థానంలో రేకుముక్క దూరం రాసుకోండి. దూరం పెరుగుతూ పెరుగుతూ ఒకచోట హఠాత్తుగా పడిపోతుంది, ప్రీఆంప్ నిండి ఉన్న చోటు అదే. అది 10 మైక్రోసెకన్లకు చాలా పైన ఉంటే డ్యాంపింగ్ మార్చాలి.

ఏ విలువ పెట్టినా తోక పోకపోతే కాయిల్ షీల్డ్ (కాయిల్ చుట్టూ వేసే వాహక పొర) చూడండి. పూర్తి వలయంగా అంటించిన రేకు షార్ట్ అయిన చుట్టుతో సమానం, దాంట్లోనే సుడి ప్రవాహం తిరుగుతుంది. 10 మి.మీ. ఖాళీ వదలాలి. మందపాటి రాగి టేపు తీసేసి గ్రాఫైట్ పెయింట్ వేయండి. చుట్టిన తీగ మందపాటి ఒంటి తీగైతే ఆ తీగే వస్తువులా మోగుతుంది, సన్న పోగుల తీగ వాడాలి.

లక్షణం: చిన్నవి బాగా దొరుకుతున్నాయి, పెద్ద రాగి, వెండి నాణేలకు దూరం లేదు

పల్స్ మొదలైనప్పుడు కూడా వస్తువులో వ్యతిరేక దిశలో ప్రవాహం పుడుతుంది. అది చచ్చేలోపే పల్స్ ఆగితే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. కరెంట్ సరళ రేఖలో పెరిగి ఒకే స్థాయికి చేరుతుందనుకుంటే, టైమ్ కాన్‌స్టంట్ 150 మైక్రోసెకన్లున్న నాణేనికి 50 మైక్రోసెకన్ల పల్స్‌తో సిగ్నల్ 15 శాతమే మిగులుతుంది, 250తో సగం మిగులుతుంది. పల్స్ పొడిగించండి, మాస్‌ఫెట్, బ్యాటరీ తట్టుకుంటాయో చూసుకోండి.

రెండో కారణం రెండో శాంపిల్. భూ అయస్కాంత క్షేత్రంలో కాయిల్ ఊగడం వల్ల పుట్టే వోల్టేజ్‌ను తీసేయడానికి మొదటి దాంట్లోంచి రెండోదాన్ని తీసివేస్తారు. మొదటిది 15 మైక్రోసెకన్లకు, రెండోది 40కి పెడితే, పల్స్ ఆగిన క్షణంలో ఉన్న నాణెం సిగ్నల్‌లో 14 శాతమే మిగులుతుంది. రెండోదాన్ని 250కి జరిపితే 72 శాతం. భూ అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చే వోల్టేజ్ అప్పటికీ మారదు కాబట్టి నష్టమేమీ లేదు.

మిగతావి

మేకులకు గట్టిగా మోగడం లోపం కాదు. ఇనుము అయస్కాంతంలా కూడా ప్రవర్తిస్తుంది, సిగ్నల్ ఎక్కువసేపు నిలుస్తుంది. పడుకున్న మేకు మీద పొడవునా ఊపితే రెండు కొసల దగ్గర రెండుసార్లు మోగొచ్చు, అడ్డంగా ఊపి పోల్చండి. అంతకుమించి ఇనుమును నమ్మకంగా వేరుచేసే దారి పీఐలో లేదు.

తడి ఉప్పు ఇసుక మీద గోల చేస్తే డిలే రెండు మూడు మైక్రోసెకన్లు పెంచండి. ఉప్పునీటి సిగ్నల్ త్వరగా చస్తుంది. చిన్న బంగారం కొంత పోతుంది, తప్పదు. ఇనుము ఎక్కువున్న ఎర్ర నేల వేరు. దాని స్పందన కాలానికి విలోమంగా, నిదానంగా తగ్గుతుంది. డిలేతో వదలదు, గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల స్పందనను తీసేసే ఏర్పాటు) కావాలి. ఆ బ్యాలెన్స్ చేస్తే నేలలాగే తగ్గే ఏదో ఒక వస్తువు కూడా మాయమవుతుంది. ఒక సైజు వస్తువు మాత్రమే మోగకపోతే బ్యాలెన్స్ ఆపి చూడండి.

లీకవుతున్న మాస్‌ఫెట్, చెడిన ఎన్ఈ5534 (ప్రీఆంప్ ఐసీ), పగిలిన క్లాంప్ డయోడ్ అరుదు. డ్యాంపింగ్, షీల్డ్, కేబుల్ సరిగ్గా ఉన్నాయని తేలాకే వాటి జోలికి వెళ్లండి.