విండోస్ ఎక్స్‌పీ మరమ్మతుకు సర్వీస్ ప్యాక్ 3 కలిపిన సీడీ తయారీ

2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసినా, పాత పరికరాలను నడిపే కొన్ని కంప్యూటర్లలో విండోస్ ఎక్స్‌పీ ఇంకా పనిచేస్తూనే ఉంది. అది పాడైనప్పుడు చాలామంది 2001 నాటి మొదటి సీడీతోనే మరమ్మతుకు దిగుతారు. హార్డ్ డిస్కులో ఉన్నది సర్వీస్ ప్యాక్ 3 (మైక్రోసాఫ్ట్ 2008లో ఇచ్చిన సవరణల మూట) కలిసిన ఎక్స్‌పీ అయి, సీడీలో ఉన్నది అంతకుముందు వెర్షన్ అయితే, కొత్త ఫైళ్ల స్థానంలో పాతవి వచ్చి చేరి వ్యవస్థ మరింత చిక్కులో పడుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది: సర్వీస్ ప్యాక్ 1కు ముందరి ఎక్స్‌పీ 137 జీబీకి మించిన డిస్కును సరిగా గుర్తించలేదు కనుక, పెద్ద డిస్కుపై దానిని ప్రయోగిస్తే దాచుకున్న సమాచారమే పోవచ్చు.

అందుచేత పాత సీడీలోకి సర్వీస్ ప్యాక్‌ను ముందే కలపాలి. దీనినే స్లిప్‌స్ట్రీమింగ్ అంటారు. ఈ పనిని ఎక్స్‌పీ ఉన్న మరో కంప్యూటర్‌లో చేయడం మంచిది. సీడీలోని ఫైళ్లన్నింటినీ సీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి, కేబీ936929 అనే సంఖ్య గల, సుమారు 316 ఎంబీల పూర్తి సర్వీస్ ప్యాక్ 3 ఫైలును దగ్గర ఉంచుకోవాలి. సర్వీస్ ప్యాక్ భాష, సీడీ భాష ఒకటే కావాలి.

ఎన్‌లైట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌కు ఆ ఫోల్డర్‌ను చూపి, సర్వీస్ ప్యాక్ కలపడం, బూటబుల్ ఐఎస్ఓ (కంప్యూటర్‌ను ప్రారంభించగల సీడీకి ఒకే ఫైలుగా ఉండే నకలు) తయారుచేయడం అనే రెండు పనులను మాత్రమే ఎంచుకోవాలి. అనవసరమైన భాగాలను తొలగించే సౌకర్యం అందులో ఊరిస్తుంది గాని, మరమ్మతు సీడీ విషయంలో దాని జోలికి పోరాదు. సెటప్‌కు అవసరమైన ఫైలు ఒక్కటి లేకపోయినా పని నడిమధ్యలో ఆగిపోతుంది. సాటా అనే రకం కనెక్షన్‌తో పనిచేసే డిస్కు ఉన్న యంత్రమైతే దాని డ్రైవర్‌ను (డిస్కును విండోస్ గుర్తించేలా చేసే ప్రోగ్రామ్‌ను) కూడా ఇక్కడే చేర్చితే, సెటప్ సమయంలో ఎఫ్6 నొక్కి డ్రైవర్ ఉన్న ఫ్లాపీ వెతుక్కునే బాధ తప్పుతుంది. ఫోల్డర్‌ను నేరుగా సీడీకి ఎక్కిస్తే కంప్యూటర్‌ను ప్రారంభించే భాగమైన బూట్ సెక్టార్ రాదు కాబట్టి, ఐఎస్ఓను ఇమేజ్‌గానే, తక్కువ వేగంతో రాయాలి.

మరమ్మతుకు ముందు ముఖ్యమైన ఫైళ్లను వేరే చోటికి కాపీ చేయండి. విండోస్ ఇంకా తెరుచుకుంటూ ఉంటే, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7 లేదా 8ని ముందే తొలగించండి. సీడీతో బూట్ చేశాక మొదటి తెరపై ఆర్ నొక్కరాదు, అది ఆదేశాలను టైపు చేసి మరమ్మతు చేసే రికవరీ కన్సోల్‌కు తీసుకెళ్తుంది. ఎంటర్ నొక్కి, ఎఫ్8తో ఒప్పందాన్ని అంగీకరించిన తరువాత, పాత విండోస్ కనబడిన తెరపై మాత్రమే ఆర్ నొక్కాలి. ఆ తెర రాకుండా నేరుగా పార్టిషన్ల (డిస్కు విభాగాల) జాబితా వస్తే ఎఫ్3తో బయటికి వచ్చేయండి. ప్రొడక్ట్ కీ అడుగుతుంది. యంత్రంతో వచ్చిన కీ, దుకాణంలో విడిగా కొన్న సీడీకి చెల్లకపోవచ్చు. పని పూర్తయ్యాక 2008 తరువాతి అప్‌డేట్లను మళ్లీ వేయాలి, అంతవరకు నెట్ కేబుల్ తగిలించకండి.