రెండో పిస్టల్ కొనే ముందు: 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ సమస్యలు - పరిష్కారాలు

కర్నూలులో నాకు తెలిసిన ఎయిర్ పిస్టల్ కుర్రాళ్లంతా ఆరు నెలలు తిరిగేసరికి అడిగేది ఒకటే. "అన్నా, స్కోరు కదలడం లేదు. రెండో పిస్టల్ ఏది కొనమంటావు?" ఒకప్పుడు నేనూ అడిగాను, కొన్నాను కూడా. పాత పిస్టల్‌తో కింద ఎడమ పక్కన పడే గుళ్లు కొత్తదానితోనూ బుద్ధిగా వచ్చి అక్కడే పడ్డాయి. ఇంట్లో ఈ మాట చెప్పడానికి నెల పట్టింది.

అందుకని ముందు రోగం పట్టుకుందాం, మందు సంగతి తర్వాత.

మొదట ఒక పరీక్ష చేయండి. గుడ్డ సంచిలో ఇసుక నింపి టేబుల్ మీద పెట్టండి. మణికట్టు దాని మీద ఆన్చి, తొందర లేకుండా పది గుళ్లు కాల్చండి. గుళ్లు దాదాపు ఒకేచోట పడి, నిలబడి కాల్చినప్పుడు మాత్రం చెదిరితే పిస్టల్‌కు ఏ జబ్బూ లేదు. సంచి మీద కూడా చెదిరితే పెల్లెట్లు (ఇందులో వాడే చిన్న సీసం గుళ్లు), స్క్రూలు, బ్యారెల్ వరుసగా చూడాలి. అనుభవం ఉన్నవాళ్లు దగ్గరుంటే వాళ్ల చేత అదే పిస్టల్‌తో పది కాల్పించండి. ఈ రెండు పనులకు అరగంట చాలు.

సమస్య: గుళ్లన్నీ కింద ఎడమ పక్కకు పోతున్నాయి

కుడిచేతివాళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఎడమచేతివాళ్లకు కింద కుడి పక్కకు పోతాయి.

కారణం ట్రిగర్ నొక్కే తీరు. గురి కుదిరింది అనిపించగానే "ఇప్పుడే" అని లాగేస్తాం. వేలొక్కటే కదలాల్సింది పోయి అరచెయ్యంతా బిగుసుకుంటుంది, పిస్టల్ ముక్కు కిందికి వాలుతుంది. కళ్లకు అది కనబడదు, ఎందుకంటే ఆ క్షణంలో మనం చూసేది లక్ష్యం అట్ట మీది నల్ల వృత్తాన్ని.

మా వీధిలో ఇంటర్ చదివే ఒకబ్బాయికి ఇది చూపించడానికి చిన్న పని చేశాను. పిస్టల్‌ను నేనే తీసుకుని, వాడు చూడకుండా ఒకసారి పెల్లెట్ పెట్టి, ఒకసారి పెట్టకుండా డ్రై ఫైరింగ్ మోడ్‌లో (గుండు పేలకుండా ట్రిగర్ ఒక్కటే పడేలా) ఉంచి ఇచ్చాను. నాలుగోసారి లోపల ఏమీ లేదు. ట్రిగర్ 'టిక్' మంది, పిస్టల్ ముక్కు మాత్రం వేలెడంత కిందికి ఊగింది. వాడు పిస్టల్ దించి, దాన్నొకసారి, నన్నొకసారి చూశాడు. "ఇది నేనేనా అన్నా?" అన్నాడు. కొత్త పిస్టల్ మాట ఆ తర్వాత ఎత్తలేదు.

పరిష్కారం: రోజూ ఇరవై నిమిషాలు తెల్ల గోడకు ఎదురుగా డ్రై ఫైరింగ్. గోడ మీద చుక్క కూడా ఉండకూడదు. ఎదుట లక్ష్యం లేకపోతే కన్ను ముందు సైట్ (పిస్టల్ ముక్కు మీద గురి చూసే ముక్క) మీదే నిలుస్తుంది, ట్రిగర్ పడినప్పుడు సైట్ కదిలిందో లేదో తెలుస్తుంది. నెల రోజులు చేయండి. సైట్ తిప్పి గుళ్లను మధ్యకు తెచ్చుకుందామనే తెలివి మాత్రం వద్దు. ఈరోజు లాగినంతే రేపు లాగుతామన్న నమ్మకం లేదు.

సమస్య: అట్ట మీద చిక్కుడు గింజలు చల్లినట్టు పడుతున్నాయి

ఒక లెక్క చూడండి. ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు అనుకుందాం. వెనక సైట్ గాడిలోంచి చూసినప్పుడు ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 మీటర్ల దూరంలో గుండు 30 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. అట్ట నడుమ పది పాయింట్లిచ్చే వృత్తం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే. అక్కడి నుంచి ఒక్కో వృత్తం 8 మిల్లీమీటర్ల దూరం. అంటే ఆ ఒక్క మిల్లీమీటరుకే పది కాస్తా ఏడవుతుంది. అదే సైట్లు రెండూ సరిగ్గా ఉండి చెయ్యి మొత్తం ఒక మిల్లీమీటరు ఊగితే, గుండు కూడా ఒక మిల్లీమీటరే జరుగుతుంది. చెయ్యి ఊగుతోందని టెన్షన్ పడేవాళ్లు ఈ రెండు అంకెలూ ఇంకోసారి చూసుకోండి.

పరిష్కారం: ముందు సైట్ కత్తి అంచులా స్పష్టంగా కనబడాలి, లక్ష్యం మసకగా ఉండాలి. గురి నల్ల వృత్తం నడుమ పెట్టకండి, దాని కింద తెల్లని చోట పెట్టండి. నలుపు మీద నల్ల సైట్ పెడితే అంచు తెలియదు.

సంచి మీద కూడా చెదిరితే పెల్లెట్ల డబ్బా మార్చి చూడండి. బల్లపరుపు తల ఉన్న 4.5 మిల్లీమీటర్ల మ్యాచ్ పెల్లెట్లే వాడాలి. హెచ్ అండ్ ఎన్, ఆర్‌డబ్ల్యూఎస్, జేఎస్‌బీ వంటి కంపెనీల పెల్లెట్లలో తల సైజు వందో వంతు మిల్లీమీటరు తేడాతో దొరుకుతుంది, 4.49, 4.50 అని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఒక్కో బ్యారెల్‌కు ఒక్కోటి నప్పుతుంది. పిస్టల్ మార్చే ఖర్చులో రెండు మూడు రకాల డబ్బాలు తెప్పించుకోవడం ఎంత? ఇంకో మాట, అడుగు వంగిన పెల్లెట్లను ఏరి పారేయండి. జేబులో పోసుకుని తిరిగితే వంగక ఏమవుతాయి? సీసం కదా, కాల్చాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి.

సమస్య: పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం గుళ్లు పైకి పోతాయి

మీది కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో పనిచేసే పిస్టలా? అయితే ఇది మన ఎండల పని. ఈ ఒక్కచోట మాత్రం పిస్టల్ మార్చాలనే కోరికలో న్యాయం ఉంది.

సిలిండర్‌లో ఆ గ్యాస్ ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర దాని ఒత్తిడి సుమారు 57 బార్లు, 30 డిగ్రీలకు 72 దాకా పోతుంది. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవమే మిగలదు, ఒత్తిడి ఇంకా ఎగబాకుతుంది. ఒత్తిడి పెరిగితే వేగం పెరిగి గుండు పడే చోటు మారుతుంది. ఏప్రిల్, మేలో కర్నూలులో, అనంతపురంలో 40 దాటే మధ్యాహ్నాలు మనకు కొత్తా? రేకుల షెడ్డులో కాలిస్తే చెప్పనే అక్కర్లేదు.

ఉన్న పిస్టల్‌తోనే నెట్టుకురావాలంటే వేసవిలో ఉదయం తొమ్మిదిలోపే కాల్చండి. పిస్టల్‌ను బండి డిక్కీలో వదలకండి. ప్రతి సెషన్‌కు ముందు ఐదు గుళ్లు చూసి సైట్ సరిచేసుకోండి.

మార్చేటట్టయితే గాలి సిలిండర్ ఉన్న పిస్టల్ తీసుకోండి. 200 బార్ల వరకు గాలి నింపుతారు, లోపలి రెగ్యులేటర్ ప్రతి గుండుకూ ఒకే ఒత్తిడి ఇస్తుంది. స్టెయర్, ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్, మోరీని, పార్దీని, ఈ ఐదూ పోటీల్లో తరచూ కనబడే పేర్లు. కొత్తది లక్ష దాటుతుంది. ఏది గొప్పదన్న వాదనలో నేను దిగను, మీ చేతికి గ్రిప్ సరిపోయేదే గొప్పది. కొనే ముందు మీ ఊళ్లో గాలి ఎక్కడ నింపుతారో కనుక్కోండి. చేతి పంపుతో నింపవచ్చు కానీ నడుము విరుగుతుంది. తేమ లోపలికి పోకుండా పంపుకు ఫిల్టర్ ఉండాలి.

వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ ఉంది కదా, పట్టించుకుందాం అని ఒకాయన నాతో అన్నాడు. పొరపాటున కూడా వద్దు. అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కు చుక్క నూనో, గ్రీజో తగిలితే అంటుకుని పేలుతుంది. గాలి పిస్టల్‌లో గాలే నింపాలి.

గాలి నింపే చోటే లేకపోతే, ప్రతి గుండుకూ లివర్‌ను ఒక్కసారి నొక్కి గాలి పట్టించే రకం కూడా ఉంది. సిలిండర్ గొడవ లేదు. పోటీలో అరవై సార్లు నొక్కేసరికి చెయ్యి అలిసిపోతుంది, అదొక్కటే బాధ.

సమస్య: ముప్పై గుళ్ల తర్వాత చెయ్యి బరువెక్కుతోంది

పోటీలో 60 గుళ్లు. ఎలక్ట్రానిక్ టార్గెట్ మీద 75 నిమిషాల సమయం. ఒక్క చేత్తోనే పట్టుకోవాలి. మ్యాచ్ పిస్టల్ కిలోకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. నియమం ప్రకారం ఒకటిన్నర కిలో మించకూడదు.

సగం మందికి అసలు కారణం బరువు కాదు, గ్రిప్ సైజు. గ్రిప్ పెద్దదైతే పిస్టల్ జారకుండా వేళ్లతో బిగించాల్సి వస్తుంది, ఆ బిగింపే అలసట. చెక్క గ్రిప్ ఎస్, ఎం, ఎల్ సైజుల్లో, కుడికి వేరు, ఎడమకు వేరు దొరుకుతుంది. పిస్టల్ మార్చకుండా గ్రిప్ ఒక్కటే మార్చవచ్చు. కొద్ది తేడానే అయితే హార్డ్‌వేర్ షాపులో దొరికే చెక్క పుట్టీ చాలు. కాస్త పులిమి, అది తడిగా ఉండగానే చేత్తో పట్టి వదలండి, ఆరాక గీకుపేపర్ పట్టండి. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలకు మాత్రం నిజంగానే పొట్టి, తేలిక మోడల్ కొనాలి. పెద్దయ్యాక వాడతాడులే అని బరువు పిస్టల్ కొనిస్తే భుజం నొప్పితో మానేస్తారు.

సమస్య: పోటీలో పిస్టల్ తనిఖీలో ఆపేశారు

ట్రిగర్ బరువు, అంటే అది పడటానికి పట్టే బరువు, 500 గ్రాములకు తగ్గితే ఒప్పుకోరు. ఇంట్లోనే చూసుకోవచ్చు. పెల్లెట్ లేకుండా కాక్ చేసి (కాల్చడానికి సిద్ధం చేసి), ముక్కు నిటారుగా పైకి పెట్టి, అరలీటరు నీళ్ల సీసాను దారంతో ట్రిగర్‌కు తగిలించి మెల్లగా లేపండి. ట్రిగర్ పడకపోతే మంచిదే. పడితే స్క్రూ కాస్త బిగించండి. సీసా బరువు కూడా కలుస్తుంది కాబట్టి అంచున ఉంటే తక్కెడ మీద తూచి చూసుకోండి.

ఎలక్ట్రానిక్ ట్రిగర్ ముచ్చటగా ఉంటుంది కానీ అది మొండికేస్తే మన చేతిలో ఏమీ ఉండదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్‌లో మను భాకర్ పిస్టల్ మధ్యలో మొరాయించి విలువైన నిమిషాలు పోయాయి. 575 పాయింట్లతో 12వ స్థానంలో ఆగింది. 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చుకుంది, అది వేరే సంగతి. మొదటి పిస్టల్‌కు మామూలు మెకానికల్ ట్రిగరే నయం అని నా మాట.

సమస్య: ఇంట్లో కాలిస్తే పెల్లెట్ వెనక్కి వస్తోంది

మన ఇళ్లలో నేలకు బేతంచర్ల నాపరాయి, అరుగుకు కడప బండ. ఆ రాతి మీద వాలుగా తగిలిన పెల్లెట్ ఎటు పోతుందో చెప్పలేం. ఒకసారి మా వరండాలో ఎగిరి నా చెంప పక్క నుంచి పోయింది. తలుపు గడి మీద చిన్న వెండి మరకలా సీసం అంటుకుంది, ఇప్పటికీ ఉంది. ఆ రోజే కళ్లద్దాలు కొన్నాను.

లోతైన చెక్క పెట్టె చేయించి, లోపల ఇనుప రేకును కిందికి వాల్చి బిగించండి. ముందు పాత బట్టలు వేలాడదీయండి. కాల్చేటప్పుడు ఆ పక్కకు తెరుచుకునే తలుపుకు గడి పెట్టాలి, ఇంట్లో పిల్లలుంటే రెండు గడులు.

సమస్య: ఒక .22 పిస్టలో, రివాల్వరో కూడా కలుపుదామని ఉంది

4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వ్యాసం), 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ పిస్టళ్లు ఆరేడు జౌళ్ల దగ్గరే ఉంటాయి. కొనేటప్పుడు గుర్తింపు, చిరునామా కాగితాలు ఇవ్వాలి. .22 లాంటి మందుగుండు పిస్టల్ అంటే లెక్కంతా మారిపోతుంది. 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు కావాలి, అది ఐదేళ్లకు ఇస్తారు. 2019 సవరణ తర్వాత మామూలు మనిషికి రెండు ఆయుధాలే పరిమితి, అంతకుముందు మూడు ఉండేవి. తాత నుంచి వచ్చిన తుపాకీ కూడా ఆ రెండింటిలోకే వస్తుంది. 9 ఎంఎం సామాన్యులకు నిషిద్ధ బోరు. ఎన్నికలు వస్తే పోలీసు స్టేషన్‌లో అప్పగించమంటారు, మన జిల్లాల్లో ఇది అందరికీ తెలిసిన తంతు. ఇక్కడ పిస్టళ్లు కూడబెట్టే సరదా సాగదు. ఆ .22 పిస్టల్‌తో ఆడే 25 మీటర్ల పోటీల మీద ఆశ ఉంటే ముందు ఎయిర్ పిస్టల్‌లో స్కోరు తెచ్చుకుని, రైఫిల్ అసోసియేషన్ సభ్యత్వంతో ఆ దారిన వెళ్లండి.

సమస్య: సెకండ్‌హ్యాండ్ దొరికింది, తీసుకోవాలా?

ఇన్ని దాటాక కూడా కొనాలనే ఉంటే నేను ఇష్టపడేది సెకండ్‌హ్యాండే. పెయింట్ చూడకండి, సిలిండర్ చూడండి. దాని మీద తయారైన సంవత్సరం చెక్కి ఉంటుంది. పదేళ్లు దాటితే పోటీలో వాడనివ్వరు, మీరూ నింపకూడదు. పొద్దున చల్లటి వేళ గాలి నింపి, గేజీ ముల్లు ఎక్కడుందో ఫోన్‌లో ఫోటో తీసి, రాత్రంతా వదిలేయండి. తెల్లారి చల్లటి వేళ అదే గంటకు మళ్లీ చూడండి. ముల్లు దిగితే లీకు. సీళ్లు మార్చే ఖర్చు ధరలో తగ్గించమనండి. తగ్గించకపోతే పిస్టల్ వాళ్లకే ఇచ్చి, ఆ డబ్బులో కొంత పెట్టి నాలుగు డబ్బాల పెల్లెట్లు తెచ్చుకోండి.