డిజెబిలిటీ పెన్షన్ అప్పీలు: నా విషయంలో పనిచేసింది ఇదే

సైన్యంలో 20 ఏళ్లు చేసి 2019లో బయటికొచ్చి హైదరాబాద్‌లో, తిరుమలగిరిలో స్థిరపడ్డాను. బయటికొచ్చేముందు పరీక్షించిన సైనిక డాక్టర్ల బృందం, అంటే మెడికల్ బోర్డు, బీపీకి 30 శాతం వైకల్యం రాసింది. కానీ అది సర్వీసు వల్ల వచ్చింది కాదు, పెరిగిందీ కాదంటూ డిజెబిలిటీ పెన్షన్ ఇవ్వలేదు. ఫోన్లు, వినతిపత్రాలు, తెలిసినవాళ్ల సిఫార్సు, నాలుగు ముక్కల మొదటి అప్పీలు, అన్నీ వృథా.

రెండో అప్పీలుకు ముందు ఆర్‌టీఐ కింద రెండే అడిగాను: చేరినప్పటి మెడికల్ పరీక్ష నకలు, బోర్డు పూర్తి ప్రొసీడింగ్స్. చేరినప్పటి పేజీలో చేతిరాతతో 120/80, కింద 'ఫిట్' అని ఉంది. అది చూడగానే కళ్లు చెమర్చాయి. బోర్డు పేజీలో మాత్రం కారణం రాయాల్సిన గడి ఖాళీ!

ఆ రెండు పేజీలూ పైన పెట్టి, 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది రాశాను: చేరేటప్పుడు జబ్బు నమోదు కాకపోతే సర్వీసులో వచ్చినట్టే అనుకోవాలి, కాదంటే బోర్డు కారణాలు చూపాలి. తర్వాత పోస్టింగులన్నీ తేదీలతో సహా రాసి, ఆర్నెల్ల గడువులోపే రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఒప్పుకున్నారు.

అందరికీ ఇలాగే అవుతుందని చెప్పలేను. చాలామంది సైనికుల కేసులు చూసే ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వస్తోంది. 2023 సెప్టెంబరు తర్వాత బయటికొచ్చినవాళ్లకు కొత్త నిబంధనలున్నాయి, ముందు అవి చదవండి.